ప్రశ్నలు – జవాబులు: నోలన్ ర్యాన్ రికార్డులు, వాటి వెనక సంగతులు

ప్రశ్న: మా అబ్బాయి ఎప్పుడు చూసినా బేస్‌బాల్ అంటాడు, నోలన్ ర్యాన్ అంటాడు. నాకు ఆ ఆట గురించి అ ఆలు కూడా తెలీదండీ. ఈయన అంత గొప్పవాడు ఎలా అయ్యాడో కాస్త అర్థమయ్యేలా చెప్తారా?

జవాబు: తప్పకుండా అండీ. ముందు ఆటలో ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతాదంతా అదే అర్థమైపోతుంది. పిచ్చర్ అనేవాడు 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బంతి విసురుతాడు, బ్యాటర్ దాన్ని కొట్టాలి. బంతి సరైన జోన్‌లోంచి వెళ్తుంటే కొట్టకుండా వదిలేసినా, బ్యాట్ ఊపి మిస్సయినా అది స్ట్రైక్. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్, దాన్నే స్ట్రైకౌట్ అంటారు. అదే పిచ్చర్ జోన్ బయట నాలుగు బంతులు (వీటిని బాల్స్ అంటారు) వేశాడనుకోండి, బ్యాటర్ ఏ కష్టం లేకుండా మొదటి బేస్‌కి నడిచి వెళ్లిపోతాడు, అది వాక్.

ఇప్పుడు ర్యాన్ సంగతి. 1966 నుంచి 1993 దాకా అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో 27 సీజన్లు ఆడాడు. 5,714 స్ట్రైకౌట్లు తీశాడు. రెండో స్థానంలో ఉన్న రాండీ జాన్సన్‌కి 4,875. అంటే మధ్యలో 839 తేడా! మామూలుగా ఏ ఆటలో అయినా మొదటి స్థానానికీ రెండో స్థానానికీ తేడా కొద్దిగానే ఉంటుంది, ఇక్కడ ఆ తేడా ఒక్కటే ఒక మంచి పిచ్చర్‌కి నాలుగైదు ఏళ్ల పని. దీంతోపాటు 7 నో-హిట్టర్లు (అవేంటో కింద చెప్తాను), 324 గెలుపులు (ఒక్కో మ్యాచ్ గెలుపునీ ఓటమినీ ఒక్కో పిచ్చర్ ఖాతాలో వేస్తారు), 61 షటౌట్లు (అవతలి టీమ్‌కి ఒక్క పరుగూ ఇవ్వకుండా తనే పూర్తి చేసిన మ్యాచ్‌లు) కూడా ఉన్నాయి. టెక్సస్‌లో ఆల్విన్ అనే చిన్న ఊళ్లో పెరిగిన మనిషి, చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి తెల్లవారుజామునే హ్యూస్టన్ పోస్ట్ పేపర్లు వేసేవాడు, 1965 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఏరుకోవడం) న్యూయార్క్ మెట్స్ 12వ రౌండ్లో తీసుకుంది. 12వ రౌండ్ అంటే అతనికంటే ముందు దాదాపు 300 మందిని ఏరుకున్నారన్నమాట. మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పండి, తనకి తెలియకపోయి ఉండొచ్చు.

ప్రశ్న: ఒక్క స్ట్రైకౌట్ తేడాతో ర్యాన్ శాండీ కోఫాక్స్ సీజన్ రికార్డు దాటాడని చదివాను. ఆ మ్యాచ్‌లో ఏం జరిగింది?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే ర్యాన్ కెరీర్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన రాత్రి ఇదే. 1965లో డాడ్జర్స్ పిచ్చర్ కోఫాక్స్ ఒకే సీజన్లో 382 స్ట్రైకౌట్లు తీశాడు. 1973లో ర్యాన్ కాలిఫోర్నియా ఏంజెల్స్‌కి ఆడుతున్నాడు, సీజన్లో అతని చివరి మ్యాచ్ సెప్టెంబర్ 27న మిన్నెసోటా ట్విన్స్ మీద. అప్పటికి 367 ఉన్నాయి. సమానం కావడానికి 15, దాటడానికి 16 కావాలి, అదీ ఒకే మ్యాచ్‌లో. (మామూలు మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదాంట్లో రెండు టీమ్‌లూ బ్యాటింగ్ చేస్తాయి, ముగ్గురు అవుటైతే ఒక టీమ్ వంతు అయిపోతుంది.) ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 15 తీసేశాడు, సమానం. ఇంక ఒక్కటి చాలు కదా, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రాలేదు. స్కోరు 4-4తో సమంగా ఉండటంతో మ్యాచ్ ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లోకి వెళ్లింది, పదోదాంట్లోనూ రాలేదు. పదకొండో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక రిచ్ రీస్ వచ్చాడు, అతన్ని స్ట్రైకౌట్ చేశాడు. 383! ఆ తర్వాత ఏంజెల్స్ పరుగు చేసి గెలిచింది కూడా. ఒకవేళ తొమ్మిదిలోనే మ్యాచ్ ముగిసిపోయి ఉంటే ఇద్దరి పేర్లూ పక్కపక్కనే 382 దగ్గర ఉండిపోయేవి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు, నాకైతే ఇదే ముఖ్యం అనిపిస్తుంది. 1973లోనే అమెరికన్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లో ఉన్న రెండు భాగాల్లో ఇదొకటి, రెండోది నేషనల్ లీగ్) డెజిగ్నేటెడ్ హిట్టర్ రూల్ వచ్చింది, అంటే పిచ్చర్లు బ్యాటింగ్ చేయక్కర్లేదు, వాళ్ల బదులు ఒక మంచి బ్యాటర్ వస్తాడు. కోఫాక్స్ రోజుల్లో అవతలి టీమ్ పిచ్చర్ కూడా బ్యాట్ పట్టుకుని రావాల్సిందే, పిచ్చర్లని స్ట్రైకౌట్ చేయడం తేలిక. ర్యాన్‌కి ఆ తేలిక స్ట్రైకౌట్లు లేవు. పైగా 1969లో పిచ్చర్ నిలబడే మౌండ్ ఎత్తుని 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు, అది కూడా బ్యాటర్లకి మేలు చేయడం కోసమే. ఇవన్నీ ఎదురుగా ఉన్నా 383 కొట్టాడు. కోఫాక్స్ గొప్పతనం దీనివల్ల తగ్గదు, కానీ ఈ రెండు నంబర్లని పక్కపక్కన పెట్టి ఒక్కటే కదా తేడా అనేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

(పాత పుస్తకాల్లో 1886లో మ్యాట్ కిల్‌రాయ్ 513 తీసినట్టు కనిపిస్తుంది, అది నిజమే, కానీ అప్పుడు పిచ్చర్ చాలా దగ్గర నుంచి విసిరేవాడు. ఇప్పుడున్న దూరం 1893లో వచ్చింది. అందుకే ఆధునిక రికార్డు అంటే 383నే లెక్కపెడతారు.)

ప్రశ్న: నో-హిట్టర్ అంటే ఏంటి? 7 అనేది నిజంగా అంత పెద్ద సంఖ్యా?

జవాబు: తొమ్మిది ఇన్నింగ్స్ మొత్తం అవతలి టీమ్‌కి ఒక్క హిట్ (బంతి కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకపోతే అది నో-హిట్టర్. వాక్‌లు ఇవ్వొచ్చు, ఫీల్డర్ల తప్పుల వల్ల ఎవరైనా బేస్ చేరొచ్చు, హిట్ మాత్రం పడకూడదు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో (గొప్ప ఆటగాళ్లకి ఇచ్చే గౌరవం) ఉన్న పిచ్చర్లలో కూడా జీవితంలో ఒక్కటైనా వేయనివాళ్లు ఎంతోమంది ఉన్నారు. రెండో స్థానం కోఫాక్స్‌ది, నాలుగు. కాబట్టి అవునండీ, ఏడు చాలా పెద్ద సంఖ్య.

మొదటిది 1973 మే 15న క్యాన్సస్ సిటీలో. క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) జెఫ్ టార్బోర్గ్, ఈయనే 1965లో కోఫాక్స్ పర్ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్నీ బేస్ చేరనివ్వని మ్యాచ్) వేసినప్పుడు కూడా క్యాచర్! రెండోది సరిగ్గా రెండు నెలలకి జులై 15న డెట్రాయిట్‌లో, 17 స్ట్రైకౌట్లు. ఆ రోజు ర్యాన్ బంతి ఎవరికీ అందట్లేదు, చివరి ఇన్నింగ్స్‌లో డెట్రాయిట్ బ్యాటర్ నార్మ్ క్యాష్ బ్యాట్ బదులు ఒక టేబుల్ కాలు పట్టుకుని వచ్చాడు. అంపైర్ ఒప్పుకోలేదు, వెనక్కి పంపి మామూలు బ్యాట్ తెచ్చుకోమన్నాడు, తెచ్చుకున్నా క్యాచ్ ఇచ్చి అవుటయ్యాడు. మూడోది 1974 సెప్టెంబర్ 28న మిన్నెసోటా మీద, అందులో 15 స్ట్రైకౌట్లు, 8 వాక్‌లు. నాలుగోది 1975 జూన్ 1న బాల్టిమోర్ మీద 1-0తో, అది అతని నూరో గెలుపు కూడా, చివరి బ్యాటర్ బాబీ గ్రిచ్ ఫాస్ట్‌బాల్ వస్తుందని ఎదురుచూస్తుంటే ర్యాన్ చేంజప్ (వేగం తగ్గించి వేసే బంతి) వేసి స్ట్రైకౌట్ చేశాడు. దాంతో కోఫాక్స్‌తో సమానమయ్యాడు.

ఆ తర్వాత ఆరేళ్లు లేదు. 1981 సెప్టెంబర్ 26న హ్యూస్టన్ యాస్ట్రోస్ తరఫున డాడ్జర్స్ మీద ఐదోది వేశాడు, ఏడో ఇన్నింగ్స్‌లో మైక్ షోషా కొట్టిన బంతిని టెర్రీ పుల్ పరిగెత్తి పట్టకపోయి ఉంటే అది పోయేదే. మళ్లీ తొమ్మిదేళ్లు ఆగాక 1990 జూన్ 11న ఓక్లండ్ మీద ఆరోది, 43 ఏళ్ల వయసులో. నడుము నొప్పితో బాధపడుతుంటే ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య టీనేజ్ కొడుకు డగౌట్‌లో కూర్చుని వీపు రుద్దుతూ ఉన్నాడు. ఓక్లండ్ అంటే అంతకుముందు ఏడాదే వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచిన టీమ్, వాళ్ల మీద 14 స్ట్రైకౌట్లు. ఏడోది 1991 మే 1న ఆర్లింగ్టన్‌లో టొరాంటో బ్లూ జేస్ మీద, 44 ఏళ్లకి 16 స్ట్రైకౌట్లు. చివరి బ్యాటర్ రొబెర్టో ఆలొమార్. ఇతని నాన్న శాండీ ఆలొమార్ 1973లో ర్యాన్ మొదటి రెండు నో-హిట్టర్లకి ఏంజెల్స్‌లో సెకండ్ బేస్‌లో ఆడాడు. తండ్రితో కలిసి మొదటిది, కొడుకుని అవుట్ చేసి చివరిది, మధ్యలో 18 ఏళ్లు!

ఇంకో విశేషం, ఏడు నో-హిట్టర్లకీ ఏడుగురు వేర్వేరు క్యాచర్లు. మూడు వేర్వేరు టీమ్‌లకి నో-హిట్టర్లు వేసినవాడు ఇతనొక్కడే. పర్ఫెక్ట్ గేమ్ మాత్రం, అంటే ఒక్క బ్యాటర్ కూడా బేస్ చేరని మ్యాచ్, అతనికి ఒక్కటీ లేదు. ఎందుకు లేదో వచ్చే ప్రశ్నకి జవాబులో చూడండి.

ప్రశ్న: అందరూ ర్యాన్‌ని ఆకాశానికెత్తేస్తారు గానీ, అందరికంటే ఎక్కువ వాక్‌లు ఇచ్చింది ఆయనే, 292 మ్యాచ్‌లు ఓడిపోయాడు, ఏడాదిలో మేటి పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు ఒక్కసారి కూడా రాలేదు. అలాంటాయన్ని గొప్ప పిచ్చర్ అనొచ్చా?

జవాబు: మీరు చెప్పిన మూడూ నిజమే, ఒక్క అంకె కూడా తప్పు లేదు. 2,795 వాక్‌లు, ఇది కూడా రికార్డే, రెండో స్థానంలో ఉన్న స్టీవ్ కార్ల్‌టన్‌కి 1,833. అంటే స్ట్రైకౌట్లలో ఎంత ముందున్నాడో వాక్‌లలో అంతకంటే ముందున్నాడు. 1974లో 202, 1977లో 204. ఇవి దాచిపెట్టి స్ట్రైకౌట్లు మాత్రమే చెప్పేవాళ్ల మీద మీకు కోపం రావడం సహజం.

కానీ నా అభిప్రాయం ఏంటంటే ఈ రెండు రికార్డుల్నీ విడదీసి చూడకూడదు, అవి రెండూ ఒకే చోట నుంచి పుట్టాయి. ర్యాన్ బ్యాటర్‌తో రాజీ పడేవాడు కాదు. మూడు బాల్స్ పడ్డాయి, ఇంకోటి బయట పడితే వాక్ అన్నప్పుడు చాలామంది పిచ్చర్లు కాస్త వేగం తగ్గించి బంతిని మధ్యలో వేస్తారు, కొడితే కొట్టాడు ఫీల్డర్లు చూసుకుంటారులే అని. ఇతను అప్పుడు కూడా అదే ఫాస్ట్‌బాల్, లేదంటే అంతే పదునైన కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) వేసేవాడు. పడితే స్ట్రైకౌట్, తప్పితే వాక్. అందుకే ఎక్కువమంది బేస్ మీదకి వచ్చేవాళ్లు కానీ కొట్టి వచ్చేవాళ్లు తక్కువ, కెరీర్ మొత్తం మీద తొమ్మిది ఇన్నింగ్స్‌కి 6.56 హిట్లు మాత్రమే ఇచ్చాడు, చరిత్రలో అదే అతి తక్కువ. అతని మీద బ్యాటర్ల సగటు .204, అంటే వెయ్యి ప్రయత్నాలకి 204 హిట్లు. మీరు 1974 జూన్ 14న బోస్టన్ మీద ఆడిన మ్యాచ్ చూడండి, 13 ఇన్నింగ్స్ వేశాడు, 19 స్ట్రైకౌట్లు, 10 వాక్‌లు, మొత్తం 235 బంతులు విసిరాడని లెక్క. బోస్టన్ బ్యాటర్ సెసిల్ కూపర్ ఆ ఒక్క మ్యాచ్‌లోనే ఆరుసార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. అవతల లూయిస్ టియాంట్ కూడా పదిహేనో ఇన్నింగ్స్ దాకా వేస్తూనే ఉన్నాడు. ఆ ఒక్క మ్యాచ్ ర్యాన్ మొత్తం కెరీర్‌కి నమూనా లాంటిది, 19 ఉన్నచోట ఆ 10 కూడా ఉంటాయి. పర్ఫెక్ట్ గేమ్ లేకపోవడానికి కారణం కూడా ఇదే, హిట్ ఇవ్వకుండా ఉండటం అతనికి వచ్చు, వాక్ ఇవ్వకుండా ఉండటం కష్టం.

ఓటముల సంగతికొస్తే, 1974లో ఏంజెల్స్ టీమ్ మొత్తం గెలిచినవి 68 మ్యాచ్‌లు, అందులో 22 ర్యాన్‌వి. 1987 ఇంకా అన్యాయం అండీ. 40 ఏళ్ల వయసులో నేషనల్ లీగ్ మొత్తంలో అతి తక్కువ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు) అతనిదే 2.76, అత్యధిక స్ట్రైకౌట్లు అతనివే 270, కానీ గెలుపోటములు 8-16! లీగ్‌లో అందరికంటే తక్కువ పరుగులిచ్చిన మనిషి పదహారు ఓడిపోయాడంటే అతని టీమ్ బ్యాటర్లు అతనికి ఎన్ని పరుగులు చేసిపెట్టారో ఊహించుకోండి. ఆ ఏడాది సై యంగ్ అవార్డు రిలీఫ్ పిచ్చర్ (మ్యాచ్ మధ్యలో వేరే పిచ్చర్ బదులు వచ్చేవాడు) స్టీవ్ బెడ్రోసియన్‌కి వెళ్లింది. 1973లో, అంటే 383 స్ట్రైకౌట్లు, రెండు నో-హిట్టర్లు వేసిన ఏడాది, జిమ్ పామర్‌కి ఇచ్చారు, ర్యాన్‌కి రెండో స్థానం. పామర్ 22-9, ఈఆర్‌ఏ 2.40, అది తప్పని నేను అనను, పామర్ నిజంగా బాగా వేశాడు. 1987 విషయంలో మాత్రం నేను ఒప్పుకోను.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు, గొప్ప పిచ్చరే. కానీ అన్నిటికంటే గొప్ప పిచ్చర్ ఎవరంటే నేను ర్యాన్ పేరు చెప్పను, వాల్టర్ జాన్సన్‌కి 417 గెలుపులు, 110 షటౌట్లు ఉన్నాయి, ఆయన పేరు ముందు చెప్తాను. బ్యాటర్‌కి కొట్టడానికి అందరికంటే కష్టమైన పిచ్చర్ ఎవరు అని అడిగితే మాత్రం ఇంక ఆలోచించక్కర్లేదు.

ప్రశ్న: ఇంతటివాడిని మెట్స్ ఎందుకు వదులుకుంది?

జవాబు: అప్పటికి ఇంతటివాడు కాదు కదండీ. మెట్స్‌లో మొత్తం కలిపి 29 గెలుపులు, 38 ఓటములు. 1966 సెప్టెంబర్ 11న మొదటి మ్యాచ్, 19 ఏళ్లు, అందులో మొదటి స్ట్రైకౌట్ అట్లాంటా పిచ్చర్ ప్యాట్ జార్విస్, అదే మ్యాచ్‌లో జో టోర్రే అతని బంతికి హోమ్ రన్ (బంతిని మైదానం బయటికి కొట్టడం) కొట్టాడు. ఆ తర్వాత ఆర్మీ రిజర్వ్ డ్యూటీ వల్ల మధ్యమధ్యలో మ్యాచ్‌లు పోయేవి, వేళ్లకి బొబ్బలు వచ్చేవి, వాటికోసం ఊరగాయ ఉప్పునీళ్లలో వేళ్లు ముంచి పెట్టుకునేవాడు. టీమ్‌లో టామ్ సీవర్ లాంటివాళ్లు ఉండగా ఇతనికి క్రమం తప్పకుండా బంతి దొరకలేదు. 1969 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో రిలీఫ్‌గా వచ్చి రెండుంపావు ఇన్నింగ్స్ పైన వేసి మ్యాచ్ కాపాడాడు, 27 సీజన్లలో అతను ఆడిన వరల్డ్ సిరీస్ మ్యాచ్ అదొక్కటే.

1971 డిసెంబర్ 10న మెట్స్ అతన్నీ ఇంకో ముగ్గుర్నీ ఇచ్చి ఏంజెల్స్ నుంచి జిమ్ ఫ్రెగోసీని తెచ్చుకుంది. ఫ్రెగోసీ పేరున్న షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య ఫీల్డర్), ఆరుసార్లు ఆల్-స్టార్, వీళ్లు థర్డ్ బేస్‌లో ఆడించాలనుకున్నారు, అది కుదరలేదు, 1973 మధ్యలోనే అమ్మేశారు. ర్యాన్ అక్కడికెళ్లిన మొదటి ఏడాదే 329 స్ట్రైకౌట్లు. ఏంజెల్స్‌లో కోచ్ టామ్ మోర్గన్ అతని విసిరే పద్ధతి సరిదిద్దాడు, క్రమం తప్పకుండా బంతి చేతికిచ్చారు. దాన్ని చరిత్రలోనే అతి చెడ్డ ట్రేడ్ అంటారు గానీ, మెట్స్‌లోనే ఉండిపోయి ఉంటే ఇలా అయ్యేవాడని నేను నమ్మను.

తమాషా ఏంటంటే ఏంజెల్స్ కూడా అతన్ని వదులుకుంది. 1979లో 16-14 అయ్యాక జనరల్ మేనేజర్ బజ్జీ బావాసి, ఇద్దరు 8-7 పిచ్చర్లని తెచ్చుకుంటే సరిపోతుంది అన్నాడు. ర్యాన్ హ్యూస్టన్ వెళ్లాడు, ఏడాదికి 10 లక్షల డాలర్లు తీసుకున్న మొదటి బేస్‌బాల్ ఆటగాడయ్యాడు. 1988 తర్వాత హ్యూస్టన్ ఓనర్ జీతం 20 శాతం తగ్గించుకోమన్నాడు, ఇతను టెక్సస్ రేంజర్స్‌కి వెళ్లిపోయి మరుసటి ఏడాది 42 ఏళ్లకి 301 స్ట్రైకౌట్లు తీశాడు. మూడు టీమ్‌లూ వయసు చూశాయి, గెలుపోటములు చూశాయి, బంతి చూడలేదు.

ప్రశ్న: అతని బంతి వేగం ఎంత?

జవాబు: 1974లో రాడార్‌తో కొలిస్తే గంటకి 100.9 మైళ్లు, అంటే 162 కిలోమీటర్ల పైమాటే. అయితే అప్పట్లో కొలిచింది బంతి హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) దగ్గరికి వచ్చాక, ఇప్పుడు కొలిచేది చేతిలోంచి వదలగానే. దారిలో బంతి చాలా మైళ్ల వేగం పోగొట్టుకుంటుంది. ఈ మధ్యకాలంలో అరోల్డిస్ చాప్‌మన్ 105 దాటాడు, కానీ రెండు లెక్కలూ ఒకే చోట కొలిచినవి కావు కాబట్టి అంకె చిన్నదని ర్యాన్ వెనకబడ్డాడనుకోవద్దు.

ప్రశ్న: 3000, 4000, 5000 స్ట్రైకౌట్ల మైలురాళ్లలో ఎవరెవరు అవుటయ్యారో చెప్తారా? క్విజ్ కోసం.

జవాబు: రాసుకోండి. 3000వది 1980 జులై 4న సీజర్ జెరోనిమో, పాపం ఇతను 1974లో బాబ్ గిబ్సన్‌కి కూడా 3000వ స్ట్రైకౌటే. 1983 ఏప్రిల్ 27న మాంట్రియల్‌లో బ్రాడ్ మిల్స్‌ని అవుట్ చేసి 3,509తో వాల్టర్ జాన్సన్ 3,508ని దాటాడు. జాన్సన్ 1927లో ఆట మానేసినప్పటి నుంచి ఎవరూ ముట్టుకోని అంకె అది, అదే ఏడాది స్టీవ్ కార్ల్‌టన్, గేలార్డ్ పెర్రీ కూడా దాటేశారు, కొన్నాళ్లు ర్యాన్, కార్ల్‌టన్ ఒకర్నొకరు దాటుకుంటూ పోయారు. 4000వది 1985 జులై 11న డానీ హీప్, అతనప్పుడు ఆడుతున్నది మెట్స్‌కే.

5000వది 1989 ఆగస్టు 22న ఆర్లింగ్టన్‌లో, ఐదో ఇన్నింగ్స్ మొదట్లో, రికీ హెండర్సన్. మూడు బాల్స్ రెండు స్ట్రైకులు అయ్యాక 96 మైళ్ల ఫాస్ట్‌బాల్‌కి బ్యాట్ ఊపి మిస్సయ్యాడు. బేస్‌బాల్ కమిషనర్ బార్ట్ జియామాటీ కూడా స్టేడియంలోనే ఉన్నాడు, ఆ తర్వాత రెండు వారాలు కూడా గడవకముందే సెప్టెంబర్ 1న ఆయన చనిపోయాడు. ఆ రాత్రి ర్యాన్ 13 మందిని స్ట్రైకౌట్ చేసినా టీమ్ మాత్రం 2-0తో ఓడిపోయింది, పై జవాబులో చెప్పిన కథే మళ్లీ. 300వ గెలుపు 1990 జులై 31న మిల్వాకీలో, 11-3. ఇది క్విజ్‌లో అడుగుతారు కాబట్టి ఇంకోటి చెప్తా, ఏడో నో-హిట్టర్ వేసిన 1991 మే 1నే రికీ హెండర్సన్ లూ బ్రాక్ స్టోలెన్ బేసుల (హిట్ లేకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరడం) రికార్డు దాటాడు, రెండూ ఒకే రోజు.

ప్రశ్న: 46 ఏళ్లదాకా అంత వేగంగా ఎలా వేయగలిగాడు? మాలాంటి పిల్లలకి ఏమైనా చెప్తారా, నేను కాలేజీలో పిచ్చర్‌ని.

జవాబు: బాబూ, మొదట చెప్పాల్సింది శరీరం అతనికి పుట్టుకతో వచ్చింది, అందరికీ రాదు. కోఫాక్స్ మోచేతి నొప్పితో 30 ఏళ్లకే మానేశాడు, కష్టపడక కాదు. కానీ ర్యాన్ చేసిన పనులు మాత్రం నేర్చుకోదగ్గవి. 1972లో ఏంజెల్స్‌లో చేరాక స్టేడియంలో ఉన్న వెయిట్ రూమ్‌లోకి వెళ్లడం మొదలుపెట్టాడు, అప్పట్లో పిచ్చర్లు బరువులు ఎత్తితే కండరాలు బిగుసుకుపోతాయని కోచ్‌లు వద్దనేవాళ్లు. బలం భుజంలోది కాదు, కాళ్లలోది అని నమ్మాడు, ఎడమ కాలు ఛాతీ దాకా ఎత్తి ముందుకి దూకి వేసే పద్ధతి చూడు నీకే తెలుస్తుంది. రేంజర్స్‌లో కోచ్ టామ్ హౌస్‌తో కలిసి వామప్‌లో ఫుట్‌బాల్ విసిరేవాడు. మ్యాచ్ అయిపోయాక సైకిల్ మెషీన్ తొక్కడం అతని అలవాటు. ఏడో నో-హిట్టర్ అయ్యాక కూడా, ఊరంతా సంబరాలు చేసుకుంటుంటే, ఇతను లోపలికెళ్లి సైకిల్ తొక్కుతూ కూర్చున్నాడు, ఆ రోజు మ్యాచ్ ముందు ఒళ్లంతా నొప్పులని చెప్పిన మనిషి! 235 బంతుల మ్యాచ్ చూసి మాత్రం నువ్వు అలా వేయకు, మీ కోచ్ చెప్పిన బంతుల లెక్క దాటకు.

ప్రశ్న: రాబిన్ వెంచురాతో గొడవ గురించి రాయండి సార్.

జవాబు: 1993 ఆగస్టు 4న బంతి తగిలిందని 26 ఏళ్ల వెంచురా మౌండ్ మీదకి పరిగెత్తాడు, 46 ఏళ్ల ర్యాన్ అతని మెడ చేత్తో బిగించి గుద్దాడు, అంపైర్లు వెంచురాని పంపించేశారు, ర్యాన్ ఉండి మ్యాచ్ గెలిచాడు. అంతే. అతని కెరీర్‌లో జనం ఎక్కువగా చూసే వీడియో ఇదే కావడం నాకు బాధగానే ఉంటుంది.

ప్రశ్న: 5,714 రికార్డు ఎప్పటికైనా బద్దలవుతుందా? ఇప్పటి పిచ్చర్లు ఇన్నింగ్స్‌కి ఎక్కువ స్ట్రైకౌట్లు తీస్తున్నారు కదా.

జవాబు: తీస్తున్నారు, నిజమే. 2019లో గెరిట్ కోల్ 212 ఇన్నింగ్స్‌లో 326 తీశాడు, ఇన్నింగ్స్ లెక్కన చూస్తే 1973 ర్యాన్ కంటే ఎక్కువే. కానీ 1973లో ర్యాన్ వేసింది 326 ఇన్నింగ్స్, 26 మ్యాచ్‌లు మొదటి నుంచి చివరిదాకా తనే పూర్తి చేశాడు, 1974లోనూ 26. ఇప్పుడు ఒక పిచ్చర్‌ని ఐదారు ఇన్నింగ్స్ అయ్యాక తీసేస్తారు, చేతిని కాపాడాలని. లెక్క వేసి చూడండి, ఏడాదికి 285 చొప్పున 20 ఏళ్లు తీస్తే 5,700 అవుతుంది, ఇంకా 14 తక్కువే. ఇప్పుడు 285 తీసేవాళ్లే ఏడాదికి ఒకరో ఇద్దరో, కొన్నేళ్లు ఒక్కరూ ఉండరు. మన కాలంలో ఎక్కువకాలం నిలబడ్డ జస్టిన్ వెర్లాండర్ 40 దాటాక కూడా వేస్తూ 3,500 దాటాడు, క్లేటన్ కెర్షా 2025లో 3,000 చేరి ఆ ఏడాదే రిటైరయ్యాడు. కాబట్టి స్ట్రైకౌట్ల రికార్డు పోదని నేను నమ్ముతున్నాను. వాక్‌ల రికార్డు అసలే పోదు, ఎందుకంటే ఇప్పుడు ఏడాదికి 200 వాక్‌లు ఇచ్చే పిచ్చర్‌ని ఎవరూ ఆడనివ్వరు. ఏడు నో-హిట్టర్లు అంటారా, ఇప్పుడు నో-హిట్టర్ మధ్యలో ఉన్నా బంతులు ఎక్కువయ్యాయని పిచ్చర్‌ని మార్చేస్తున్నారు.

ప్రశ్న: హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఎన్ని ఓట్లు వచ్చాయి?

జవాబు: 1999లో 497కి 491, మొదటిసారే. ఆ ఆరుగురు ఎందుకు వేయలేదో నాకు అర్థం కాదు. ఏంజెల్స్ 30, యాస్ట్రోస్ 34, రేంజర్స్ 34, మూడు టీమ్‌లూ అతని నంబర్ ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపేశాయి.

ప్రశ్న: చివరి మ్యాచ్ ఎలా ముగిసింది? అలాగే ర్యాన్ మ్యాచ్ ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటారు?

జవాబు: చివరిది బాగా ముగియలేదండీ. 1993 సెప్టెంబర్ 22న సియాటిల్‌లో, ఒక్కర్ని కూడా అవుట్ చేయలేకపోయాడు, వాక్‌ల మీద వాక్‌లు, డాన్ హోవిట్ గ్రాండ్ స్లామ్ (మూడు బేసుల మీదా మనుషులుండగా హోమ్ రన్) కొట్టాడు, ఆ తర్వాత బ్యాటర్‌కి వేస్తుండగా మోచేతి లిగమెంట్ తెగింది. తెగాక కూడా ఇంకో బంతి వేసి చూశాడు, ఇంక లాభం లేదని తెలిసి దిగిపోయాడు. సీజన్ అయిపోయాక మానేస్తానని ముందే చెప్పాడు కాబట్టి పోయింది మిగిలిన ఒకటి రెండు మ్యాచ్‌లే.

చూడమంటే అందరూ ఏడో నో-హిట్టర్ చెప్తారు, అది చూడండి, మొదటిసారి చూసేవాళ్లకి అదే మంచిది. కానీ ఆట కాస్త తెలిసినవాళ్లయితే 1986 నేషనల్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్ (ఇది గెలిచిన టీమ్ వరల్డ్ సిరీస్‌కి వెళ్తుంది) ఐదో మ్యాచ్ వెతికి చూడండి, హ్యూస్టన్ తరఫున మెట్స్ మీద, అవతల డ్వైట్ గూడెన్. 39 ఏళ్ల ర్యాన్ తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఇచ్చింది రెండే హిట్లు, ఒకే పరుగు, 12 స్ట్రైకౌట్లు. ఆ ఒక్క పరుగు డారిల్ స్ట్రాబెరీ కొట్టిన హోమ్ రన్. మ్యాచ్ 12వ ఇన్నింగ్స్ దాకా వెళ్లి 2-1తో మెట్స్ గెలిచింది. రికార్డుల పుస్తకంలో ర్యాన్ పేరు పక్కన ఆ రోజు గెలుపూ లేదు, ఓటమీ లేదు, కానీ అతను ఎలాంటి పిచ్చరో అందులో ఉన్నంత స్పష్టంగా ఇంకే మ్యాచ్‌లోనూ ఉండదు.